తల్లి వీపు చూడరాదు

"నలభై ఏండ్లు మెడల ఏసుకున్న బిళ్ల వెనుక ఏం బొమ్మ ఉన్నదో తెల్వదంటది ముసలామె. నువ్వు నమ్ముతవా, అన్నా?"

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ అమరేందర్ 'అన్నా' అనే మాటను కాస్త సాగదీశాడు. ఒకప్పుడు అతను సాల్మన్ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఇప్పుడతను మక్తల్ స్టేషన్లో బల్లకు ఇవతల కుర్చీలో ఉన్నాడు. పోలీసు ఉద్యోగం వదిలి నల్లగొండలో ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకున్న సాల్మన్ అవతల, చెక్క బెంచీ మీద ఉన్నాడు.

ఇద్దరి మధ్యా బల్ల మీద నల్లదారానికి గుచ్చిన బంగారు బిళ్ల ఒకటి ఉంది.

అమరేందర్ తన కేసును మరోసారి వినిపించాడు. ఊరి బయట నీటి కుంట తవ్వుతుంటే మట్టి కుండ బయటపడింది. కుండ నిండా రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు. గడ్డపారకు ఆ కుండ తగిలింది ఐలేశం అనే గొర్లకాపరికి. తహసీల్దారు వచ్చి సీలు వేయించి కుండను ట్రెజరీకి పంపాడు. తర్వాత అంగడి రోజున అమరేందర్ కంటికి ఐలేశం తల్లి బక్కమ్మ కనబడింది. ఆమె మెడలో అదే జాతి నాణెం. కొడుకు కుండలోంచి ఒకటి తీసి తల్లికిచ్చాడు, అంతే. ఐలేశం లాకప్‌లో ఉన్నాడు. అది మా ఇంటి తల్లి అన్న ఒక్క మాట తప్ప ఇంకేం చెప్పడం లేదు. సాయంత్రం మేజిస్ట్రేటు ముందుకు, అక్కణ్నుంచి మహబూబ్‌నగర్ జైలుకు.

"మా ఆవిడతో ఒక్కసారి మాట్లాడి చూస్త," అన్నాడు సాల్మన్.

ఫోటో తీయడానికి మాత్రం అమరేందర్ ఒప్పుకోలేదు. స్వాధీనం చేసుకున్న వస్తువు, ఫోన్లలో తిరగకూడదన్నాడు. చదివి వినిపించమన్నాడు. సాల్మన్ జేబులోంచి భూతద్దం తీసి, ఫోను స్పీకరులో పెట్టాడు.

అతని భార్య జానమ్మ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైంది. ఆమె పాత విద్యార్థి ఒకరు ఈ ఊళ్లో టీచరు. ఆయన ఫోను చేయబట్టే సాల్మన్ ఇక్కడికొచ్చాడు. కుండలో దొరికిన నాణేల ఫోటోలు కూడా పురావస్తు శాఖవాళ్లు ఆమెకే పంపి, ఏది ఏ చక్రవర్తిదో తేల్చమన్నారు. వారం నుంచి వాళ్లింట్లో అన్నం తినే బల్ల మీద కంచాలకు చోటు లేదు. అంతా కేటలాగులే.

"ముందు ముఖం చెప్పు," అంది జానమ్మ.

"ఆడామె. కుడిదిక్కు చూస్తాంది. జడలు అల్లి నెత్తిమీద చుట్ట చుట్టుకున్నది."

"అక్షరాలు?"

"డి, ఐ, వి, ఎ. జర జాగా ఉన్నది. ఎఫ్, ఎ, వి, ఎస్, టి, ఐ, ఎన్, ఎ."

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె గొంతు మెత్తబడింది. "ఫాస్టీనా. ఆంటొనైనస్ పయస్ అని ఒక చక్రవర్తి, ఆయన భార్య. పేరు ముందర 'దివా' అని ఉన్నదంటే ఆమె చనిపోయినంక కొట్టిన నాణెం. దేవతల్ల కలిసిందని అర్థం. బతికున్న మనిషికి ఆ మాట పెట్టరు. ఆమె క్రీస్తు శకం నూట నలభైల పోయింది. ఆయన ఇంక ఇరవై ఏండ్లు బతికిండు. ఉన్నన్ని రోజులు ఆమె బొమ్మతోని నాణేలు కొట్టిస్తనే ఉన్నడు."

"ఎందుకట్ల?"

"కొందరికి ఉంటదయ్యా. నువ్వయితే నా ఫోటోకు మేకు గూడ సక్కగ కొట్టవు."

అమరేందర్ నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు చూశాడు.

సాల్మన్ బిళ్లను తిప్పాడు. వెనుక బొమ్మ నిన్న పోసినట్టు స్పష్టంగా ఉంది. నిలబడిన దేవత, చేతిలో కర్ర. చుట్టూ ఉన్న అక్షరాలు చదివాడు. టి, ఆర్. పి, ఓ, టి. సి, ఓ, ఎస్. చివర రెండు నిలువు గీతలు.

జానమ్మ మళ్లీ చదవమంది. మళ్లీ చదివాడు. గీతలు రెండా, మూడా అని అడిగింది. రెండే.

"అయితే అది దొంగ నాణెం," అంది జానమ్మ. "వెనుక ఉన్నది భర్త బిరుదులు. రెండోసారి కాన్సల్ అయిన చక్రవర్తి అని. కాన్సల్ అంటే రోమ్‌ల ఏడాదికోసారి ఇచ్చే పెద్ద పదవి. అది నూట ముప్పైతొమ్మిది ఒక్క సంవత్సరమే రాసిండ్రు. మరుసటేడు మూడోసారి అయిండు, గీతలు మూడైనయి. అంటే ముందర చూస్తే ఆమె చనిపోయింది. వెనుక చూస్తే ఆమె ఇంక బతికే ఉన్నది. ఇట్లాంటి నాణెం ఏ కేటలాగుల లేదు, ఉండది గూడ. ఎవరో రెండు నాణేల అచ్చులు తీసి ఒకదాన్ల పోసిండ్రు."

అమరేందర్ తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆ కాలంలోనే మన దేశంలో రోమన్ నాణేలకు నకళ్లు కొట్టేవాళ్లని తను విన్నానన్నాడు. నిజమేనంది జానమ్మ. కానీ వాళ్లకు ఆ భాష రాదు కాబట్టి అక్షరాలు వంకరటింకరగా గీతల్లా వస్తాయి. ఇంత శుభ్రంగా రావు. అనుమానముంటే గీటురాయి మీద రుద్ది చూడమంది.

ఫోను పెట్టేశాక అమరేందర్ బిళ్లను కవర్లో వేసి కానిస్టేబుల్‌కిచ్చి కంసాలి దగ్గరకు పంపాడు. తర్వాత సాల్మన్ వైపు వంగాడు.

"దొంగదే అనుకుందాం. అప్పుడు నా కేసు ఇంక గట్టిపడతది. దొంగది మెడల ఏసి అసలుది దాచిండ్రు. నువ్వు ముసలామెను కాపాడుతున్న అనుకుంటున్నవు, అన్నా. నాకు ఇంకో సెక్షను అందిస్తున్నవు."

అతను చెప్పింది తర్కానికి నిలిచే మాటే. సాల్మన్ లేచి బక్కమ్మ ఇంటికి బయల్దేరాడు.

రేకుల ఇల్లు. పక్కనే గొర్ల దొడ్డి. ఐలేశం భార్య మొగుడికి సద్ది తీసుకుని స్టేషనుకు పోయింది. బక్కమ్మ గడపలో కూచుని తల్లి చచ్చిన గొర్రెపిల్లకు సీసాతో పాలు పడుతోంది. ఆమె మెడ బోసిగా ఉంది. ఇల్లు చూస్తానంటే చూసుకో బిడ్డా అంది, తలెత్తకుండానే.

ఆ ఇంట్లో దాచడానికి చోటంటూ లేదు. సాల్మన్ ధాన్యం సంచులు కదిపాడు, దూలం మీద చేయి పెట్టి చూశాడు, ఇనుప పెట్టెలో బట్టలు తీసి మళ్లీ అలాగే మడతపెట్టాడు. చివరికి గోడలో ఎల్లమ్మ గూటి ముందు ఆగాడు. పసుపు, కుంకుమ, దీపపు ప్రమిద. వాటి వెనుక ఒక కొబ్బరిచిప్ప. అందులో నానిన చింతపండు పిప్పి, కాస్త బూడిద. పక్కన మసిపట్టిన చిన్న గుడ్డపేలిక.

అతను వంటచోటుకు వెళ్లాడు. స్టీలు గిన్నెలు, సత్తు గంజులు. ఇత్తడిది ఒక్క చెంబు కూడా లేదు. గూటి దగ్గరకు తిరిగొచ్చి కొబ్బరిచిప్పను మరోసారి వాసన చూశాడు. ఎవరైనా అంట్లు తోమే సామాను దేవుడి గూట్లో పెడతారా?

గడప దగ్గర ఆమె పక్కన కూలబడ్డాడు. ముందు గొర్రెపిల్ల గురించి అడిగాడు. తర్వాత బిళ్ల గురించి. ఆమె నెమ్మదిగా చెప్పింది. పెండ్లినాడు అత్త తన మెడలోంచి తీసి ఆమె మెడలో వేసింది. ఆ అత్తకు ఆమె అత్త వేసిందట. ఆ ఇంటి కోడళ్లకే ఆ బిళ్ల, ఆడబిడ్డలకు కాదు. ముఖం ఎల్లమ్మ తల్లిది. వీపు ఎప్పుడూ రొమ్ము మీదే ఉండాలి. తల్లి వీపు చూడరాదు. చూస్తే తల్లి అటు తిరిగి వెళ్లిపోతుంది. కడిగేటప్పుడైనా వేళ్లతో తడుముతూ కడగాల్సిందే తప్ప తిప్పకూడదు.

"మెడలోంచి ఎప్పుడన్న తీసినవా, అవ్వా?"

"లేదు బిడ్డా. ఎన్నడు తియ్యలె."

"చింతపండుతోని ఎప్పటిసంది తోముతున్నవు?"

"నిరుడు ఎండకాలంసంది. తోమకుంటే నల్లబడతాంది," అంది. అని, ఆగిపోయింది.

సీసా నోట్లోంచి జారితే గొర్రెపిల్ల ఆమె వేళ్లను చీకసాగింది. సాల్మన్ తొందరపెట్టలేదు. బంగారం నల్లబడదని ఆమెకు తెలుసు. ఆమెకు తెలుసని ఇప్పుడు అతనికీ తెలుసు.

"నీకెట్ల ఎరుకైంది అవ్వా, అది వేరేదని? వీపు చూసినవా?"

"సూడలె బిడ్డా. తప్పు గాదు? గని నా తోలుకు తెల్వదా? మా తల్లి వీపు నున్నగ ఉండేది, పసిపిల్ల చెంపలెక్క. గిది గీరుకుంటాంది."

మిగిలిన కథ దానంతటదే వచ్చింది. నిరుడు ఎండాకాలం ఆమె పెనిమిటి చనిపోయాడు. చావింట మైల ఉన్నన్నాళ్లూ తల్లి బిళ్ల ఆ ఇంట్లో ఉండకూడదు. ఒకే ఇంటిపేరున్న పాలోళ్లందరికీ మైల తగులుతుంది కాబట్టి వాళ్లెవరూ ముట్టుకోకూడదు. ఇంటిపేరు వేరైన అల్లుడి చేతికివ్వడం వాళ్లలో ఆచారం. బక్కమ్మ దారం తీసి అల్లుడు పరమేష్ అరచేతిలో పెట్టింది. అతను నారాయణపేటలో చీరల దుకాణంలో పనిచేస్తాడు. దినాలు అయ్యాక బిళ్లను తెచ్చి భక్తిగా అప్పగించాడు. మెడలో వేసుకున్న క్షణంలోనే ఆమెకు తెలిసిపోయింది.

"ఎవ్వరికి చెప్పలేదా?"

"ఎట్ల చెప్పుదు? నా బిడ్డ నాగరాణికి అంతకుముందు రెండు కాన్పులు పోయినయి. అప్పుడు మల్ల కడుపుతోని ఉండె. మొగడు దొంగ అని నేను నోరు దెరిస్తే అది బతుకుతదా? ఇత్తడైతేంది, మొక్కితే తల్లే గద అనుకున్న. రోజు తోముకుంట మొక్కిన."

అన్నాళ్లూ ఆమె అల్లుడింట్లో పచ్చి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మనవరాలు పుట్టినప్పుడు పోయి చూసి, ఒంట్లో బాగాలేదని చెప్పి పస్తుతోనే తిరిగొచ్చింది.

సాల్మన్ ఆమె ముఖంలోకి చూశాడు. "ఇప్పుడు చెప్పకపోతే నీ కొడుకు జైలుకు పోతడు, అవ్వా."

"వాడు మొగోడు బిడ్డా. పోయినా వస్తడు. ఆడిపిల్ల సంసారం ఇరిగితే అతుకుతదా?"

ఆమె ఏడవలేదు. సీసా తీసి మళ్లీ గొర్రెపిల్ల నోటికి పెట్టింది.

జీపు వచ్చి దొడ్డి ముందు ఆగింది. అమరేందర్ దిగుతూనే కవరు పైకెత్తి చూపించాడు. కంసాలి గీటురాయి మీద రుద్దితే ఇత్తడని తేలింది. జానమ్మ మేడం కేటలాగు గెలిచిందని ఒప్పుకున్నాడు. కానీ అసలుది ఎక్కడుందో బక్కమ్మ ఇప్పుడే చెప్పాలి, లేకపోతే ఇల్లు తవ్విస్తానన్నాడు.

సాల్మన్ అడ్డం నిలబడ్డాడు. "తవ్వేందుకేం లేదు. నేను చూసిన. నువ్వు దొంగను పట్టాలని కాదు, సాయంత్రం లోపల ఒక మనిషిని జైలుకు పంపాలని చూస్తున్నవు."

"నువ్వు నేర్పిందే. చేతిల ఉన్నోన్ని ముందుగాల పట్టుకోమన్నవు."

"పట్టుకోమన్న. ఇడిసిపెట్టుడు గూడ నేర్పిన. నువ్వు సగమే నేర్చుకున్నవు."

ఇద్దరూ ఇంకేం అనేవాళ్లో గానీ, ఆటో దిగి ఒక యువతి చంకలో బిడ్డతో పరుగులాంటి నడకతో లోపలికొచ్చింది. జీపును చూసి ఆగలేదు. నేరుగా ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి నిలబడింది. నాగరాణి. అన్నను పట్టుకుపోయిన సంగతి ఆమెకు పొద్దున్నే తెలిసింది.

"మా అన్నను ఇడ్వున్రి సారు. బిళ్ల నా తాన ఉన్నది."

"నోరు మూసుకో బిడ్డా," అంది బక్కమ్మ.

నాగరాణి మూసుకోలేదు. పసిపిల్ల గౌను గుండీ విప్పింది. ఎర్రదారానికి వేలాడుతున్న బంగారు బిళ్ల. జడల చుట్ట పెట్టుకున్న అదే ముఖం, బుగ్గ మీద పసుపు పూతతో.

ఆమె చెప్పింది నిలబడి, గడగడా, పాఠం అప్పజెప్పినట్టు. రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి ఎల్లమ్మ తల్లి బిళ్ల తన ఒంటి మీద ఉంటే బిడ్డ నిలుస్తుందని ఆమెకు గట్టి నమ్మకం. ఆడబిడ్డకు ఇవ్వరని తెలుసు, అందుకే అడగలేదు. బిళ్ల మొగుడి చేతికొచ్చినప్పుడు ఆమే కాళ్లావేళ్లా పడింది. పరమేష్ నాలుగు రోజులు కాదన్నాడు. చివరికి గిల్టు నగలు చేసే రఘుపతి దగ్గరకు బిళ్లను తీసుకుపోయి నకలు చేయించాడు. వీపు నున్నగా ఉంటే నాణెంలా కనబడదని రఘుపతి తనే ఏదో బొమ్మ పోశాడు. ఎట్లాగూ ఎవరూ తిప్పి చూడరు కదా అని పరమేష్ ఊరుకున్నాడు. కాన్పు కాగానే తిరిగిద్దామనుకున్నారు. బిడ్డకు ఒకసారి జ్వరం, ఒకసారి దగ్గు. ప్రతిసారీ ఇంకో నెల చూద్దామనుకున్నారు.

బక్కమ్మ గోడకు ఆనుకుంది. "అమ్ముకున్నడు అనుకున్న," అంది నెమ్మదిగా. "ఏడాదిసంది ఆ పిలగాన్ని దొంగ అనుకుంట తిరిగిన."

అమరేందర్ చేయి చాపాడు. నాగరాణి దారం విప్పి బిళ్లను అతని అరచేతిలో పెట్టింది. అతను దాన్ని తిప్పబోయి, ఆగి, ముసలామె వైపు చూశాడు.

"అవ్వా, నువ్వు జర అటు తిరుగు."

ఆమె గోడ వైపు తిరిగింది. నాగరాణి కూడా బిడ్డ కళ్లు మూసి తల తిప్పుకుంది. అమరేందర్ బిళ్లను తిప్పి బొటనవేలితో తడిమాడు. ఒకప్పుడు బొమ్మ ఉండేదని చెప్పడానికి అంచున రెండు మూడు అక్షరాల నీడ మిగిలింది. మిగతాదంతా నున్నగా అరిగిపోయింది. సాల్మన్ వివరించనవసరం లేకపోయింది. కుండలో నాణేలన్నీ అమరేందర్ కళ్లారా చూశాడు. ఇలా ఒక్క వైపే అరిగింది వాటిలో ఒక్కటీ లేదు. దీన్ని అరగదీసింది మట్టి కాదు, మనుషుల ఒళ్లు.

"ఇది కుండల నుంచి వచ్చింది కాదు," అన్నాడు అమరేందర్, బిళ్లను మళ్లీ ముఖం పైకి వచ్చేలా తిప్పి. ఐలేశాన్ని మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లే పని ఆపమని స్టేషనుకు ఫోను చేశాడు. తర్వాత, అడక్కుండానే, రెండు బిళ్లలనూ జీపు బానెట్ మీద పక్కపక్కన పెట్టి, ఇప్పుడు ఫోటోలు తీసుకోమన్నాడు.

సాల్మన్ నాలుగు ఫోటోలు తీసి జానమ్మకు పంపాడు. నాగరాణి తల్లి ముందు మోకాళ్ల మీద కూచుంది. బక్కమ్మ మనవరాలిని ఒళ్లోకి తీసుకుని, తిన్నవా బిడ్డా, మొహం గట్ల పీక్కపోయిందేంది అని కూతురిని అడుగుతోంది. మిగతా సంగతులు మాట్లాడుకోవడానికి వాళ్లకు ఇంకా తీరిక దొరకలేదు.

జానమ్మ నుంచి ఫోను వచ్చింది. ఈసారి ఆమె గొంతులో పరిహాసం లేదు.

"సాల్మన్, దొంగ నాణెం వెనుక దేవత మోకాలి మీద గాటు ఉన్నది చూడు. ఏటవాలుగ."

చూశాడు. సన్నగా, కత్తితో గీసినట్టు ఉంది.

"పాతకాలంల మనవాళ్లు బంగారం నిజమైందో కాదో చూసేటందుకు అట్ల గాటు పెట్టేది. ఏ నాణెం గాటు దానిదే, ఇంకోదానికి అట్లనే పడది. నా ముందర కుండల నాణేల ఫోటోలు ఉన్నయి. అందుల ఒకటి నూట ముప్పైతొమ్మిదిది. అదే దేవత, అదే మోకాలు, అదే గాటు."

అమరేందర్ దగ్గరకొచ్చి వింటున్నాడు. అతనికి అర్థం కావడానికి క్షణం పట్టింది. రఘుపతి ఈ నకలు పోసింది నిరుడు ఎండాకాలంలో. దాని వీపుకు అచ్చు తీసిన అసలు నాణెం కుండలోది. కుండ భూమిలోంచి బయటికొచ్చింది ఈ నెలలో.

"అంటే కుండ నిరుడే బయట ఉన్నది," అన్నాడు సాల్మన్. "ఎవరో ముందుగాల తీసిండ్రు. అందుల ఎన్ని అసలువో, ఎన్ని పోసినవో మనకు తెల్వదు. కొన్ని మిగిల్చి మల్ల పాతిపెట్టిండ్రు, ఐలేశంలాంటోనికి దొరికేటట్టు."

సీలు వేసిన కుండ మీద ఇక ఎవరికీ అనుమానం రాదు. అనుమానం వచ్చే దారి ఒక్కటే: అసలు బిళ్ల బయటపడి, బక్కమ్మ మెడలోది నకలని తేలడం. రఘుపతి ఆ నకలు పోయడం కళ్లారా చూసిన మనిషి ఒక్కడే.

"పరమేష్ యాడున్నడమ్మా?" సాల్మన్ నాగరాణిని అడిగాడు.

పొద్దున్నే ఫోనొస్తే బండేసుకుని పోయాడు. రఘుపతే పిలిచాడు. పోలీసుల సంగతి తెలిసింది, ఒకసారి వచ్చి పొమ్మన్నాడట. అక్కడి నుంచి నేరుగా ఇక్కడికే వస్తానన్నాడు. ఇంకా రాలేదు.

నాగరాణి ఫోను కలిపింది. సాల్మన్ సైగ చేస్తే స్పీకరులో పెట్టింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు. పరమేష్ కాదు.

"అమ్మా, మీ ఆయన మా తాననే ఉన్నడు, ఫికర్ పడకు. ఒక్కటే మాట. అసలు బిళ్ల పోలీసుల చేతికి పోవద్దు, మా చేతికి రావాలె. వస్తే సాయంత్రం వరకు మనిషి ఇంటికొస్తడు."

ఫోను ఆగిపోయింది.

బానెట్ మీద బిళ్ల ఎండకు మెరుస్తోంది. దాని పక్కనే స్టేషను సీలు పడిన కవరు. అమరేందర్ చేయి తెలియకుండానే బిళ్ల మీదికి వెళ్లింది, దాన్ని ఎవరి కంటా పడకుండా ఇప్పుడైనా దాచగలిగినట్టు. నాగరాణి మళ్లీ మళ్లీ ఫోను కలుపుతోంది.

అందరికంటే ముందు బక్కమ్మే లేచింది. పసిదాన్ని కూతురి చేతికిచ్చి, కొంగు నడుముకు దోపుకుని, ఇన్‌స్పెక్టర్ ముందుకొచ్చి నిలబడింది.

"వాళ్లు తల్లినే అడుగుతున్రు గద నాయినా. ఇచ్చెయ్యున్రి. నాకు నా అల్లున్ని తెండ్రి."